నెట్ పోయిందా? ఎర్రర్‌ను తిట్టొద్దు.. చదవండి!

"నెట్ పోయింది."

మన ఇళ్లల్లో రోజుకు ఒక్కసారైనా వినపడే మాట ఇది. వైఫై పాస్‌వర్డ్ మారినా ఇదే మాట. స్తంభం మీద తీగ తెగినా ఇదే మాట. రీచార్జ్ అయిపోయినా, అమెరికాలో ఏదో కంపెనీ సర్వర్ పడిపోయినా ఇదే మాట. డాక్టర్ దగ్గరికి పోయి "ఒళ్లు బాగలేదు సార్" అని మాత్రం చెప్పి కూర్చుంటే ఆయన ఏం మందు రాస్తాడు? జ్వరమా, కడుపునొప్పా, ఎప్పట్నుంచి.. అని అడుగుతాడు కదా!

ఫోన్‌తో మనకున్న అదృష్టం ఏందంటే, ఆ ప్రశ్నలకు జవాబు అదే రాసి చూపిస్తుంది. స్క్రీన్ మీద రెండు లైన్లు, కింద చిన్న అక్షరాల్లో ఒక కోడ్. మనం చదవం. బ్యాక్ నొక్కుతాం, రిఫ్రెష్ కొడతాం, అదీ కాకపోతే రూటర్ ప్లగ్ పీకి మళ్లీ పెడతాం.

నేను తిరుపతిలో ఉండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నాను. రోజులో సగం టైమ్ ఇట్లాంటి ఎర్రర్లు చదవడానికే పోతుంది. అందుకే ఈ వారం వాటి గురించే. ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. ఎర్రర్ మెసేజ్ అంటే దారి ఎక్కడ తెగిందో చెప్పే సాక్షి. తప్పు ఎవరిదో, ముఖ్యంగా ఎవరిది కాదో కూడా అదే చెబుతుంది.

ముందు దారి తెలియాలి

మీరు ఫోన్‌లో ఒక సైట్ ఓపెన్ చేశారనుకోండి. ఆ అడుగు ముందు మీ ఫోన్ నుంచి ఇంట్లో వైఫై రూటర్‌కు పోతుంది. అక్కణ్ణుంచి గాజు తీగలో, అంటే ఫైబర్‌లో, వీధి స్తంభాల మీదుగా మీ ప్రొవైడర్ ఆఫీసుకు. అక్కణ్ణుంచి చెన్నైకో హైదరాబాద్‌కో. ఆ తర్వాత సైట్ ఉన్న సర్వర్‌కు. సమాధానం మళ్లీ ఇంత దారీ వెనక్కి రావాలి.

ఇల్లు, వీధి, ప్రొవైడర్, పెద్ద రోడ్డు, సర్వర్. ఈ ఐదు మజిలీల్లో ఒక్కోచోట తేడా వస్తే ఒక్కో రకం మెసేజ్ వస్తుంది. ఇంటి నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ చూద్దాం.

ఎర్ర లైటు చెప్పే సాక్ష్యం

మా చిన్నాయన వాళ్లది పలమనేరు. ఆయన కూతురు డిగ్రీ ఫైనలియర్. పొద్దున పది గంటలకు ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్ ఉందనగా, ముందురోజు సాయంత్రం నెట్ ఆగిపోయింది. కస్టమర్ కేర్‌కు మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ ఒకటే జవాబు.. "రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడమ్." ఇంకోవైపు చిన్నాయన. "రాత్రీ పగలూ ఆ ఫోన్‌లో ఏందేందో నొక్కుతా ఉంటావు, నువ్వే ఏదో చెడగొట్టుంటావు" అని ఆ పిల్ల మీద కేకలు.

నాకు ఫోన్ చేసింది. "అన్నా, నెట్ పోయింది. నాయన నన్నే తిడతా ఉండాడు."

"బాక్స్ మీద లైట్లు చూసి చెప్పమ్మా" అన్నాను.

"పవర్ పచ్చగా ఉంది. ఎల్ఓఎస్ అని ఒకటి ఎర్రగా కొట్టుకుంటా ఉంది."

ఎల్ఓఎస్ అంటే లాస్ ఆఫ్ సిగ్నల్. గాజు తీగలో రావాల్సిన వెలుతురు బాక్స్‌కు అందడం లేదని అర్థం. ఫోన్‌లో ఎవరు ఏం నొక్కినా ఆ లైటు ఎర్రబడదు. పాస్‌వర్డ్ మార్చినా పడదు. వైరు పీకితేనో, మడత పడితేనో, తెగితేనో పడుతుంది. బాక్స్ వెనక వైరు సరిగ్గానే ఉందని చూసుకుంది. పక్కింట్లో కనుక్కుంటే వాళ్లదీ అదే ఎర్ర లైటు.

నాలుగోసారి ఫోన్ చేసినప్పుడు ఆ పిల్ల మాట మారింది. "సాయంత్రం 6:20 నుంచి ఎల్ఓఎస్ ఎర్రగా వెలుగుతోంది. పవర్ ఉంది. వైరు చెక్ చేశాం. పక్కింటికి కూడా లేదు. కంప్లైంట్ నంబర్ ఇవ్వండి." ఈసారి ఆఫ్ చేసి ఆన్ చేయమని ఎవరూ అనలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు లైన్‌మేన్ వచ్చాడు. రెండు స్తంభాల అవతల, ఎత్తుగా లోడు వేసుకున్న లారీ ఏదో తీగను లాక్కుపోయిందట. అతికించి పోయాడు. పొద్దున టెస్ట్ రాసింది.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి టెస్ట్ రాయడం ఒక్కటే కాదు. చేయని తప్పుకు తిట్లు తింటున్న పిల్లను ఆ ఎర్ర లైటు విడిపించింది. చిన్నాయన సారీ చెప్పలేదనుకోండి, మన నాయనలు ఎప్పుడు చెప్పారు గనక! కానీ ఇప్పుడు నెట్ పోతే ఆయనే ముందు పోయి లైట్లు చూస్తున్నాడు.

మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. దాని తీగల్లో ఎక్కువ భాగం భూమిలో కాకుండా కరెంటు స్తంభాల మీదుగానే వేశారు. అట్లా వేస్తే ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. కానీ గాలివాన, లారీ, చెట్టుకొమ్మ.. అన్నిటికీ అందుతుంది. వారణాసిలో గంగ ఒడ్డున వేసిన ఫైబర్ తీగల్ని కోతులు కొరికేస్తున్నాయని 2015లో వార్తలొచ్చాయి. కోతుల సంగతి మన తిరుపతోళ్లకు ఒకరు చెప్పాలా!

తీగ తెగకపోయినా బాగా వంగితే వెలుతురు తగ్గుతుంది. ల్యాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో 192.168.1.1 అని కొట్టి బాక్స్ పేజీలోకి పోతే చాలా బాక్సుల్లో ఆర్‌ఎక్స్ పవర్ అని ఒక అంకె ఉంటుంది. అది మైనస్‌లో ఉంటుంది. ఇళ్లకిచ్చే మామూలు ఫైబర్‌లో మైనస్ 8 నుంచి మైనస్ 27 మధ్య ఉండాలి. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే హాయి. మైనస్ 27 దాటితే నెట్ వచ్చీపోయీ ఏడిపిస్తుంది. "స్లోగా ఉందన్నా" అనేదానికీ "ఆర్‌ఎక్స్ పవర్ మైనస్ 29 చూపిస్తోందన్నా" అనేదానికీ లైన్‌మేన్ దగ్గర చాలా తేడా ఉంటుంది.

వైఫై ఉంది, ఇంటర్నెట్ లేదు

"కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అని ఫోన్ చెప్పడం చూసే ఉంటారు. ఇంటర్నెట్ లేదని దానికెట్లా తెలిసింది? ఆండ్రాయిడ్ ఫోన్ వైఫై పట్టుకోగానే గూగుల్‌కు ఒక చిన్న కబురు పంపుతుంది. అటునుంచి 204 అనే నంబర్ రావాలి. దానర్థం "పంపడానికేమీ లేదు, అంతా బాగుంది". అది వస్తే నెట్ ఉన్నట్టు. ఏమీ రాకపోతే నెట్ లేనట్టు. 204 బదులు ఇంకేదో పేజీ వస్తే మధ్యలో ఎవరో ఆపి టికెట్ అడుగుతున్నట్టు. రైల్వే స్టేషన్ వైఫైలో ముందు ఫోన్ నంబర్, ఓటీపీ అడిగే పేజీ అట్లా వచ్చేదే.

కాబట్టి ఈ మెసేజ్ వస్తే మీ ఫోన్‌కూ రూటర్‌కూ మధ్య వైఫై లింకు ఉన్నట్టే. తేడా సాధారణంగా రూటర్ అవతల. ఫోన్ రీస్టార్ట్ చేయడం కంటే పోయి బాక్స్ లైట్లు చూడటం మేలు.

మొబైల్ డేటాలోనూ ఇట్లాంటి గుర్తులున్నాయి. చంద్రగిరి నుంచి పీలేరు పోతా భాకరాపేట ఘాట్‌లో ఫోన్ చూడండి. ఒక్కోచోట "నో సర్వీస్" అని, ఒక్కోచోట "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని పడుతుంది. రెండూ ఒకటి కాదు. మొదటిదానికి ఏ టవరూ అందలేదని అర్థం. రెండోదానికి మీ కంపెనీ టవర్ లేదు గానీ ఇంకో కంపెనీది అందుతోందని అర్థం. ఆ టవర్ మీకు డేటా ఇవ్వదు, మామూలు కాల్ ఇవ్వదు. 112కు మాత్రం కలుపుతుంది. ఘాట్‌లో బండి ఆగిపోయినప్పుడు ఈ తేడా తెలియడం చిన్న విషయం కాదు.

ఇంకోటి. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు కొండ మీద సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా ఫొటో ఒక పట్టాన పోదు. ఫోన్ చెడిపోలేదు. ఆ గీతలు టవర్ మాట మీకెంత గట్టిగా వినపడుతోందో చెబుతాయి. టవర్ ముందు మీకంటే ముందు ఎంతమంది నిలబడి ఉన్నారో చెప్పవు.

పేరు దొరకలేదు

ఇంట్లో, వీధిలో అన్నీ బాగున్నాయి. అయినా పేజీ రాలేదు. క్రోమ్‌లో కింద చిన్నగా "డీఎన్ఎస్ ప్రోబ్ ఫినిష్‌డ్ ఎన్ఎక్స్‌డొమైన్" అని ఉంది. చూస్తే భయంగా ఉంటుంది గానీ విషయం చిన్నది. మనం సైట్ పేరు కొడతాం. నెట్‌వర్క్‌కు కావాల్సింది నంబర్. పేరు ఇస్తే నంబర్ వెతికిచ్చే డైరెక్టరీ పేరే డీఎన్ఎస్. ఎన్ఎక్స్‌డొమైన్ అంటే "ఆ పేరుతో ఎవరూ లేరు" అని డైరెక్టరీ చెప్పిన జవాబు. జవాబు వచ్చిందంటే చాలావరకు నెట్ ఉన్నట్టే. ముందు స్పెల్లింగ్ చూసుకోండి.

ఇది తిరుపతి చుట్టుపక్కల వాళ్లకు ఇంకా ముఖ్యం. దర్శనం, గదుల పేరుతో నడిచే నకిలీ వెబ్‌సైట్ల గురించి టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది. అసలు సైట్ పేరు చివర "ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్" అని ఉంటుంది. ఆ జీఓవీ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తప్పితే ఎన్ఎక్స్‌డొమైన్ వచ్చిందా, సంతోషించండి. ఆ తప్పు స్పెల్లింగ్‌తోనే ఎవరో దుకాణం తెరిచి కూర్చుని ఉంటే ఎర్రర్ రాదు, డబ్బులు కట్టే పేజీ వస్తుంది!

డైరెక్టరీ అసలు పలకకపోతే వచ్చే మెసేజ్ వేరు. "డీఎన్ఎస్ సర్వర్ స్పందించడం లేదు" అంటుంది. అప్పుడు డైరెక్టరీని మార్చి చూడొచ్చు. గూగుల్ వాళ్లది 8.8.8.8. ఇది 2009 నుంచి ఉంది. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది 1.1.1.1. ఇది 2018 ఏప్రిల్ 1న వచ్చింది. రెండూ ఉచితం. యాడ్స్ రాకుండా ఉండాలని ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టుకున్న వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ సర్వర్ ఆగిపోతే వైఫైలోనూ డేటాలోనూ ఏ సైటూ రాదు. రెండింట్లోనూ ఒకేసారి ఆగిందంటే ముందు అనుమానం దాని మీదే. ఆటోమేటిక్‌లో పెట్టి చూడండి.

"మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్ర త్రికోణం వచ్చిందా? ముందు ఫోన్‌లో తేదీ, టైమ్ చూడండి. తేదీ తప్పుగా ఉన్నా ఆ మెసేజ్ వస్తుంది. తేదీ సరిగ్గానే ఉన్నా వస్తోందంటే మాత్రం ఆ పేజీలో పాస్‌వర్డ్ కొట్టొద్దు, డబ్బులు కట్టొద్దు.

తలుపు తట్టాక

నంబర్ దొరికింది. ఇప్పుడు సర్వర్ తలుపు తట్టాలి. ఇక్కడ మూడు రకాల జవాబులు వస్తాయి.

"టైమ్‌డ్ అవుట్": తట్టాం, తట్టాం, ఎవరూ పలకలేదు. ఇంట్లో ఎవరూ లేరేమో, అసలు మన అడుగు అక్కడిదాకా పోలేదేమో.

"రెఫ్యూజ్‌డ్": తలుపు దగ్గర మనిషి ఉన్నాడు, "ఇక్కడ కాదు పో" అన్నాడు. అంటే దారి బాగుంది. తేడా అవతలి మిషన్‌లో. మీ ప్రొవైడర్‌ను తిట్టడం దండగ.

"రీసెట్": మాట్లాడుతుండగానే మధ్యలో ఫోన్ పెట్టేశారు. అది అవతలివాళ్లు కావచ్చు, మధ్యలో ఉన్నవాళ్లు కావచ్చు.

ఈ టైమ్‌డ్ అవుట్ అర్థం కాకపోతే డబ్బులు పోతాయి కూడా. యూపీఐలో "పెండింగ్" అని వచ్చిందంటే చాలావరకు ఇదే కథ. మన కబురు వెళ్లింది, జవాబు తిరిగి రాలేదు. వెళ్లిన కబురుతో డబ్బు కట్ అయిందో లేదో ఫోన్‌కు ఇంకా తెలియదు. పెండింగ్ అంటే ఫెయిల్ అయినట్టు కాదు. వెంటనే రెండోసారి పంపితే రెండుసార్లూ పోవచ్చు. ఒక్క నిమిషం ఆగి బ్యాంక్ మెసేజో, హిస్టరీనో చూసుకుని అప్పుడు చేయండి. మనిషికి పంపిన యూపీఐ డబ్బు మన ఖాతాలో కట్ అయి అవతలివాళ్లకు చేరకపోతే మరుసటి రోజుకల్లా తిరిగి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లోనే చెప్పింది.

4తో మొదలైతే మన వైపు, 5తో మొదలైతే వాళ్ల వైపు

తలుపు తీశారు, మాట కలిసింది. ఇక వచ్చేవి మూడంకెల నంబర్లు. 4తో మొదలైతే మనం అడిగినదాంట్లో తేడా, 5తో మొదలైతే వాళ్ల దగ్గర తేడా. లెక్క ఇంతే.

404 అందరికీ తెలుసు. అడిగిన పేజీ అక్కడ లేదు. 403 అంటే పేజీ ఉంది, మీకు అనుమతి లేదు. 429 అంటే "మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావు, కొంచెం ఆగు". రిఫ్రెష్ మీద రిఫ్రెష్ కొట్టే వాళ్లకు పడే శిక్ష ఇది. ఒక్కోసారి మీరు కొట్టకపోయినా పడొచ్చు. ఇంటర్నెట్ అడ్రస్‌లు చాలక చాలా కంపెనీలు ఒకే బయటి అడ్రస్‌ను ఎన్నో ఇళ్లకు పంచుతాయి. పక్కవీధి కుర్రాడు చేసిన అల్లరికి మీకు "మీరు రోబోనా?" అనే ప్రశ్న రావడం అందుకే.

500 అంటే వాళ్ల ప్రోగ్రామ్‌లోనే ఏదో విరిగింది. 502, 504 అంటే ముందు కూర్చున్న సర్వర్ బాగానే ఉంది, వెనక పని చేసే సర్వర్ సరిగా పలకలేదు. 503 అంటే ఇప్పుడు తీసుకోలేను, తర్వాత రా. థియేటర్ బయట హౌస్‌ఫుల్ బోర్డు లాంటిది.

300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా విడుదలయ్యే పొద్దున ఇదంతా పనికొస్తుంది. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు ఎందుకున్నాయి? అందరూ ఒకేసారి గుడి ముందుకు రాకుండా, విడతలుగా వదలడానికి. ఆన్‌లైన్‌లో వెయిటింగ్ పేజీ కూడా సరిగ్గా అదే పని. "మీరు క్యూలో ఉన్నారు" అనే పేజీ ఎర్రర్ కాదు. మీరు లోపలికి వచ్చారు, కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నారని అర్థం. రిఫ్రెష్ చేయొద్దని ఆ పేజీలోనే రాసి ఉంటే మాట వినండి. కంపార్ట్‌మెంట్‌లోంచి లేచి బయటికి పోయి మళ్లీ లైన్ చివర్న నిలబడతారా ఎవరైనా?

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లప్పుడూ అంతే. స్క్రీన్ మీద 503 కనిపిస్తే నెట్ మార్చి లాభం లేదు, ఫోన్ మార్చి లాభం లేదు. "నీ ఫోన్ పాతది, అందుకే రాలేదు" అని ఎవరన్నా అంటే ఆ నంబర్ చూపించండి. టైమ్, నంబర్ కనిపించేటట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆఖరి రోజు గడువు దాటిపోతే హెల్ప్‌లైన్‌లో మాట్లాడటానికి మీ దగ్గర అదొక్కటే సాక్ష్యం.

పింగ్ కొట్టి చూడు

ఎర్రర్ దానంతటదే వచ్చేది. మనమే అడిగి తెలుసుకునే పరీక్షలు ఇంకో రెండున్నాయి.

మొదటిది పింగ్. 1983 డిసెంబర్‌లో మైక్ మ్యూస్ అనే అమెరికన్ ఇంజినీర్ రాశాడు. సముద్రంలో సోనార్ "పింగ్" అని శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి దూరం చెబుతుంది కదా, ఆ పేరే పెట్టాడు. ఒక చిన్న కబురు పంపుతుంది, ఎన్ని మిల్లీసెకండ్లలో తిరిగొచ్చిందో చెబుతుంది. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ చాలు. ఫోన్‌లో అయితే ప్లే స్టోర్‌లో ఉచిత పింగ్ యాప్‌లు దొరుకుతాయి.

వరసగా మూడు పింగ్‌లు కొట్టండి.

ఒకటి, 192.168.1.1. ఇది చాలా ఇళ్లల్లో రూటర్ అడ్రస్. రాకపోతే ముందు వైఫై సెట్టింగ్స్‌లో గేట్‌వే అని ఉన్న నంబర్ చూసి అది కొట్టండి. అదీ రాకపోతే తేడా మీ ఇంట్లోనే.

రెండు, 8.8.8.8. రూటర్ పలికి ఇది పలకలేదంటే తేడా వీధిలోనో ప్రొవైడర్ దగ్గరో. కంప్లైంట్ చేయాల్సింది ఇప్పుడే.

మూడు, ఏదైనా పెద్ద సైట్ పేరు. రెండోది పలికి ఇది "పేరు దొరకలేదు" అంటే తేడా డీఎన్ఎస్‌ది. మూడూ పలికి మీకు కావాల్సిన సైట్ ఒక్కటే రాలేదంటే చాలావరకు తేడా ఆ సైట్‌దే.

రెండు నిమిషాల పని. ఐదు మజిలీల్లో ఏది చెడిందో తేలిపోతుంది.

పింగ్ నంబర్‌కు ఒక హద్దు కూడా ఉంది. ఫైబర్‌లో వెలుతురు సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తిరుపతి నుంచి చెన్నై దాదాపు 150 కిలోమీటర్లు. పోయి రావడానికి 2 మిల్లీసెకండ్లు కూడా పట్టదు. మధ్యలో మిషన్లు తినేది కలిపి 10, 20 వచ్చినా బాగున్నట్టే. అమెరికా సర్వర్‌లో గేమ్ ఆడుతూ పింగ్ 250 వస్తోందని ప్రొవైడర్‌ను తిడితే పాపం ఆయనేం చేస్తాడు? భూగోళాన్ని దగ్గరికి జరపలేడు కదా.

రెండోది ట్రేస్‌రూట్. విండోస్‌లో దాని పేరు ట్రేసర్ట్. 1980ల చివర్లో వాన్ జాకబ్‌సన్ రాసిన ఈ ప్రోగ్రామ్ తెలివి చూస్తే ముచ్చటేస్తుంది. అలిపిరి దారి ఊహించుకోండి. 3,550 మెట్లు. పాదాల మండపం, గాలిగోపురం, ఏడో మైలు ఆంజనేయస్వామి, మోకాలిమెట్టు. ఒక మనిషికి ఒక్క టోకెన్ ఇచ్చి పంపాం. ప్రతి మజిలీలో ఒక టోకెన్ తీసుకుంటారు. టోకెన్ అయిపోతే అక్కడే ఆపేసి "మీ మనిషి మా దగ్గర ఆగిపోయాడు" అని మనకు ఫోన్ చేస్తారు. ఒక టోకెన్‌తో పంపితే మొదటి మజిలీ పేరు తెలుస్తుంది. రెండు టోకెన్లతో పంపితే రెండోది. అట్లా ఒక్కోటి పెంచుకుంటూ పోతే దారి మొత్తం తెలిసిపోతుంది. నెట్‌వర్క్‌లో ప్రతి రూటరూ చేసేది ఇదే. ఆ "ఆగిపోయాడు" అనే కబురు కూడా ఒక ఎర్రర్ మెసేజే. 1981 నుంచి ఇంటర్నెట్ నియమాల్లో ఉంది. ఎర్రర్ మెసేజ్‌లు పోగేసి మ్యాప్ గీశాడన్నమాట ఆ మహానుభావుడు!

ఒక జాగ్రత్త. ట్రేస్‌రూట్‌లో మధ్యలో నక్షత్రం గుర్తులు వస్తే కంగారు పడొద్దు. కొన్ని రూటర్లు దారి ఇస్తాయి గానీ పలకవు. వాటి తర్వాత మజిలీలు కనిపిస్తున్నాయంటే దారి బాగున్నట్టే. ఒకచోట నుంచి చివరిదాకా అన్నీ నక్షత్రాలే అయితే, అప్పుడు అనుమానించాల్సిందే.

రెండు రాత్రుల కథ

2021 అక్టోబర్ 4. మన టైమ్‌లో రాత్రి 9 దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టా ఒక్కసారిగా ఆగిపోయాయి. దాదాపు ఆరు గంటలు. ఎంతమంది ఫోన్లు రీస్టార్ట్ చేశారో, యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నారో! జరిగింది ఏందంటే, "ఫేస్‌బుక్‌కు ఇటు రండి" అని ఇంటర్నెట్ రోడ్ల మీద ఉండే బోర్డుల్ని ఒక మెయింటెనెన్స్ పనిలో ఆ కంపెనీయే పొరపాటున పీకేసుకుంది. యాప్ మాత్రం "కనెక్టింగ్" అని తిప్పుతూనే ఉంది. బ్రౌజర్‌లో ఓపెన్ చేసి చూసినవాళ్లకు డీఎన్ఎస్ ఎర్రర్ కనిపించింది. మిగతా సైట్లన్నీ వస్తూ అదొక్కటే పేరు దొరకలేదంటే తేడా మన దగ్గర కాదని వాళ్లకు ఒక్క నిమిషంలో తెలిసిపోయింది.

2025 నవంబర్ 18. సాయంత్రం ఐదుకు కొంచెం ముందు నుంచి ఎక్స్, చాట్‌జీపీటీ లాంటివి ఆగి, చీకటి పడ్డాక గానీ కుదుటపడలేదు. ఈసారి చాలామందికి కనిపించిన పేజీలో మూడు బొమ్మలున్నాయి. "మీ బ్రౌజర్: పనిచేస్తోంది. క్లౌడ్‌ఫ్లేర్: ఎర్రర్. సైట్ సర్వర్: పనిచేస్తోంది." అంతే. మధ్యలో ఉన్న మేమే చెడ్డాం అని ఆ కంపెనీ తన పేరే రాసి చూపించింది. ఆ పేజీ చదివినవాళ్లు ఫోన్ రీస్టార్ట్ చేయాల్సిన పని లేకపోయింది.

ఆ బొమ్మల్లో ఉన్న మర్యాద అన్ని యాప్‌లకూ లేదు. "అయ్యో! ఏదో పొరపాటు జరిగింది" అని నవ్వే బొమ్మ పెట్టి వదిలేసే యాప్‌లు ఎన్ని లేవు? ఎక్కడ జరిగింది, ఎవరి దగ్గర జరిగింది, మళ్లీ చేయొచ్చా, డబ్బు పోయిందా.. ఏదీ చెప్పదు. అది చూసిన మా అవ్వ లాంటివాళ్లు "నేనే ఏదో తప్పు నొక్కినట్టుండాను నాయనా" అని ఫోన్ పక్కన పెట్టేస్తారు. మళ్లీ ముట్టుకోవడానికి భయపడతారు. మా ఫీల్డ్‌లో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మాట ఒక్కటే. మీరు రాసే ఎర్రర్ మెసేజ్‌ను చిత్తూరు బస్టాండ్‌లో నిలబడి ఒక పెద్దామె చదువుతుందని గుర్తుపెట్టుకుని రాయండి. "మా సర్వర్‌లో సమస్య, మీ తప్పు లేదు, మీ డబ్బు కట్ కాలేదు" అని తెలుగులో ఒక్క లైన్ రాయడానికి ఎంతసేపు పడుతుంది? జనం రోజూ వాడే ప్రభుత్వ యాప్‌లకైతే ఇది తప్పనిసరి కావాలి.

కంప్లైంట్ ఇట్లా పెట్టండి

నాలుగు ముక్కలు చాలు. ఎప్పట్నుంచి, ఏ లైటు ఏ రంగులో ఉంది, స్క్రీన్ మీద ఏం రాసి ఉంది, మూడు పింగ్‌లలో ఏది ఆగింది. కంప్లైంట్ నంబర్ లేకుండా ఫోన్ పెట్టొద్దు. పని కాకపోతే ప్రతి టెలికాం కంపెనీలో అప్పిలేట్ అథారిటీ అని ఒకరు ఉండాలని ట్రాయ్ 2012 నిబంధనల్లోనే ఉంది. అక్కడ అప్పీల్‌కు రుసుము లేదు, కానీ మొదటి కంప్లైంట్ నంబర్ అడుగుతారు.

ఈ వారం హోంవర్క్ ఒకటి. నెట్ బాగున్న రోజే, ఈ రోజే, బాక్స్ మీద లైట్ల ఫొటో తీసి పెట్టుకోండి. ఆర్‌ఎక్స్ పవర్ ఎంతుందో, మూడు పింగ్‌లు ఎంతొచ్చాయో రాసి పెట్టుకోండి. ఆ ఫొటో ఇంట్లో వాళ్ల వాట్సాప్ గ్రూప్‌లోనూ వేయండి. బాగున్నప్పుడు ఎట్లుంటుందో తెలిస్తేనే కదా, చెడినప్పుడు ఏం మారిందో కనిపెట్టగలిగేది.